బావిలో మూడో వంతు

తిరుపతిలో నాది బట్టల అంగడి. ఎంత మంచి చీర తెచ్చినా కొంగు మూల తడిపి, తెల్లగుడ్డకు రుద్ది, రంగు దిగుతుందేమో చూడనిదే బేరం చేయను. అలాంటి నేను ములకలచెరువు అవతల ఐదెకరాల మెట్ట పొలాన్నీ, దాంట్లోని బండల మిద్దెనూ కార్తీకమాసంలో ఒకే ఒక్క సాయంత్రం చూసి కొనేశాను. వానలు కురిసి వెలిసిన రోజులవి. రాళ్ళ సందుల్లో కూడా పచ్చిక. గాలి వీస్తుంటే ఎవరో పట్టుచీర విప్పి దులుపుతున్నట్టుంది. ఆ రంగు నిలిచేదా దిగేదా అన్న అనుమానమే రాలేదు. గజాలు కొలిచే బుర్రకు ఎకరాలు ఎక్కవని అప్పటికి తెలియదు.

కొనడానికి కారణం చప్పుడు. మా ఇల్లు అంగడి వెనకే. పగలంతా యాత్రికుల గోవిందలు, మిగతా వేళల్లో బస్సుల హారన్లు. చప్పుడు లేని చోట మంచం వాల్చుకోవాలని ఏళ్ళ తరబడి కల. నా భార్య రత్నమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. "నేను సూడకుండానే కొన్నారు. సూసినాక నాకు నచ్చకుంటే అమ్మేయల్ల." సరేనన్నాను. ఆమెకు మెట్టినిల్లు తిరుపతి, ఇకమీదట మెట్టనిల్లు ఇది అని చమత్కరించాను కూడా. ఆమె నవ్వలేదు.

చైత్రమాసంలో పాలు పొంగించడానికి బయలుదేరాము. తెల్లవారి ప్యాసింజరు బండి. చిన్న పట్టాల మీద పోయే ఆ బండికి తొందరన్నది లేదు. చంద్రగిరి కోట గోడలు చాలాసేపు మనతోపాటే నడుస్తున్నట్టు అనిపిస్తుంది. వెళ్ళదలచినవారు కిటికీ పక్కన చోటు పట్టుకుని, తిండి ఇంటినుంచే కట్టుకుపోవడం మేలు. పాకాలలో దొరికిన అలసందవడలు మాత్రం వదలకూడదు. మేము పులిహోర ఉన్నా అవీ తిన్నాము.

పాకాలలోనే ఎక్కిన ఒక మామిడికాయల వ్యాపారి మా ఎదురుగా కూచున్నాడు.

"యాడికి సెట్టీ, ఇంత ఎండలో?"

"ములకలచెరువు పక్కన ఇల్లూ పొలమూ కొన్నానప్పా."

"ఇల్లు సరే. నీళ్ళో?"

"ఇంటి ముందరే బావి ఉండాది."

"బావి ఉండాదిలే. దాంట్లో నీదెంత?"

"నాదెంతేమప్పా, అడుగు దాకా నాదే!" అని గట్టిగా నవ్వాను. అతను నవ్వకుండా మామిడికాయ ముక్కకు ఉప్పు అద్దుకున్నాడు.

పీలేరు దాటాక కిటికీ గాలిలో తేమ పోయింది. కొండలు దూరం జరిగి, రాతిగుండ్లు దగ్గరయ్యాయి. ఏనుగులు, తాబేళ్ళు, మోకాళ్ళు ముడుచుకున్న ముసలివాళ్ళు, ఏదనుకుంటే అలాగే కనిపించే గుండ్లు. నిద్రా మెలకువా కాని స్థితిలో మధ్యాహ్నానికి ములకలచెరువులో దిగి, ఎద్దులబండి మాట్లాడుకున్నాము. కార్తీకంలో చూసిన పట్టుచీర జాడ లేదు. నేలంతా ఉతికి ఉతికి వెలిసిన ఖాకీగుడ్డలా ఉంది.

ఇల్లు చేరగానే ఆమె ఇత్తడి బిందె తీసుకుని బావి దగ్గరికి పోయింది. బావిమీద మోటారు మోగుతోంది. గొట్టంలోంచి నీళ్ళు పక్క పొలంలోని టమోటా తోటకు పోతున్నాయి. ఆ పొలం నాకు ఇల్లమ్మిన రెడ్డెప్పది. బావి అడుగున మిగిలింది బురద.

"రండి సామీ, రండి!" అంటూ రెడ్డెప్ప పరుగున వచ్చాడు. "చెప్పకుండా వచ్చేస్తిరే!"

పక్కనే తన చేలో మల్బరీ ఆకు కోస్తున్న గంగులమ్మ నడుము నిలబెట్టి, "చెప్పి వస్తే మోటారు ఆపేసి ఉండునులే" అంది. బావి ముగ్గురిదట. రెడ్డెప్పకొక దినం, నాకొక దినం, గంగులమ్మకొక దినం. దస్తావేజులో 'బావిలో వంతు సహా' అని ఉంటే, రాసేవాడి శోభాయమానమైన భాష అనుకున్నాను.

"ఈ దినం ఎవరి వంతు?" అని అడిగాను.

"మీదే సామీ" అంది గంగులమ్మ. "అమ్మినప్పట్నించీ మీ వంతు గూడా ఈయప్పే లాగుతా ఉండాడు. తెల్లారి నా వంతుకు మోకాలి లోతు ఊరితే ఎక్కువ. మల్బరీ మాడిపోతా ఉండాది."

"నీళ్ళు ఊరికే నిలబడితే పాచి పట్టదా సామీ?" అన్నాడు రెడ్డెప్ప, నాకు ఉపకారం చేస్తున్నవాడిలా. తిరుపతి సెట్టి ఏడాదికొకసారైనా రాడని లెక్కేసుకునే అతను నేల అమ్మి, నీళ్ళు ఉంచుకున్నాడు.

రత్నమ్మ ఖాళీ బిందెతో వెనక్కి తిరిగింది. నా కల ఆ బిందెలోనే ఉన్నట్టు, దాని వంక చూస్తూ నడిచాను.

సాయంత్రం గంగులమ్మ తొట్టిలో దాచుకున్న నీళ్ళు ఒక బిందెడు, చెంబుడు మేకపాలు తెచ్చింది. పాలు పొంగాయి. రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి కూడా ఆమె ఇంటివే. తింటుంటే చెప్పింది: "ఊర్లో లేని మనిషి తన వంతు ఎవరికి ఒప్పజెబితే వాళ్ళది. చెప్పకపోతే ముందు వంతోడు మోటారు ఆపడు. ఈడ కాయితాలుండవు సామీ, నోటిమాటే."

పొద్దు గుంకే వేళ మిద్దెమీద కూచున్నాము. ఎండకు కాగిన బండలు వెచ్చగా ఉన్నాయి. గుండ్లు ముందు ఎర్రబడి, తర్వాత నీలమై, చివరికి ఆకాశంలో కలిసిపోయాయి. ఎక్కడో ఒక మేక మెడగంట, తర్వాత అదీ లేదు. ఇంత పెద్ద నిశ్శబ్దంలో నా ఊపిరి నాకే పరాయిదిగా తోచింది. తీర్పు కోసం రత్నమ్మ వైపు చూశాను.

"నీళ్ళకు వంతులుండాయి గానీ, ఈ గాలికి లేవు గదా" అంది కళ్ళు మూసుకుని. "అమ్మద్దులే."

మరునాడు తిరుగు బండికి రెడ్డెప్ప స్టేషను దాకా వచ్చి సాగనంపాడు. వెలిసిన గుడ్డే ఒంటికి మెత్తగా ఉంటుందన్నది ఈ ప్రయాణంలో నేను గ్రహించిన ముక్క. ఆ నేలా అంతే. పచ్చరంగు దిగిపోయాకనే అది నాదైంది.

బండి కూత వేసింది. రెడ్డెప్ప కిటికీలోంచి చెనిక్కాయల మూట లోపలికి తోశాడు. "మా చేలోవి సామీ. నిమ్మళంగా పోయి రండి. మీ వంతు సంగతి నేను సూసుకుంటాలే."

"నీకెందుకబ్బా శ్రమ!" అన్నాను. "పొద్దున్నే బావి గట్టున నిలబడి గంగులమ్మకు ఒప్పజెప్పినా. మేం లేనన్ని దినాలూ ఆమెదే."

అతని చెయ్యి మూట కోసం కిటికీలోకి వచ్చింది. రత్నమ్మ మూటను ఒళ్ళోకి లాక్కుని ముడి విప్పింది. బండి కదిలింది. పీలేరు దాకా ఇద్దరం ఒలుచుకుని తింటూనే ఉన్నాము.