మిల్లు పక్కన గళ్ల నుడికట్టు

మండపేటలో మా అత్తవారిల్లు బియ్యం మిల్లు గోడను ఆనుకుని ఉండేది. పగలంతా ఆ రొదలో మామూలు మాటలు కూడా అరిచి చెప్పుకోవడం ఇంట్లోవాళ్లకు అలవాటు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మామయ్యగారు వారపత్రికలోని గళ్ల నుడికట్టు ముందేసుకుని, వరండాలోంచి ఒక్కో ఆధారం కేకేసి చదివేవారు. డిగ్రీ చదివిన కోడలిని కదా, గదిలోంచి నేను జవాబు చెప్పాలి.

ఆ వారం ఆధారాలన్నీ ఒకే కోవలోవి. గొంతు అందుకునే పై మెట్టు, నాలుగక్షరాలు: తారస్థాయి. పదునైనది, మూడు: నిశితం. చెవికి గుచ్చుకునే చప్పుడు, రెండు: కీచు. చెబుతున్నానే గాని నా ధ్యాసంతా పక్కలో నిద్రపోతున్న ఐదు నెలల బాబు మీదే. ఒంటిగంటకు మిల్లు సైరన్ మోగినా వాడు కదల్లేదు. మూడు రోజులుగా గమనిస్తున్నాను, ఇంతే. ముందురోజు చెవి దగ్గర స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టి చూశాను. పెదవులు చప్పరించి మళ్లీ నిద్రపోయాడు. వాడికి వినపడదేమోనన్న భయం ఇక దాచుకోలేక అత్తయ్యగారికి చెప్పేశాను.

"నీ కడుపులో ఉన్నప్పట్నుంచీ వింటున్న కూతే కదమ్మా. వాళ్ల నాన్నా ఇంతే. సైరన్‌కి లేచే పిల్లాడు మన వీధిలోనే లేడు," అని నవ్వారావిడ.

నాకు నమ్మకం కుదరలేదు.

అంతలో మిల్లులో బెల్టు తెగిందో ఏమో, రొద ఒక్కసారిగా ఆగిపోయింది. ఫ్యాను చప్పుడు కూడా వినిపించింది. మామయ్యగారు అదేమీ గమనించకుండా, ఎప్పటి గొంతుతోనే, "అడ్డం పద్నాలుగు. సాన పడితే కత్తికి వచ్చేది, రెండక్షరాలు," అని కేకేశారు.

బాబు ఉలిక్కిపడి, చేతులు రెండూ పైకి విసిరి, ఏడుపందుకున్నాడు.

"మిల్లు ఆగిపోయిందండీ. ఇంకా ఆ అరుపేంటి, పిల్లాడు దడుచుకున్నాడు," అన్నారు అత్తయ్యగారు.

"నేనేం అరిచాను? ఆధారం చదివానంతే."

"అవునవును, పాలకొల్లులో వాళ్లు కూడా విని రాసుకున్నారంట," అన్నారావిడ.

ఆవిడ వాణ్ని ఎత్తుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాను. తలుపు చాటుకి వెళ్లి మెల్లగా పిలిచాను. ఏడుపు ఆపి, తల తిప్పి నాకోసం వెతికాడు. రెండోవైపు నుంచి ఇంకా మెల్లగా పిలిచాను. ఇటూ తిరిగాడు.

మామయ్యగారు గొంతు తగ్గించి అదే ఆధారం మళ్లీ చదివారు.

"తర్వాత చెబుతానండీ," అని బాబును ఎత్తుకున్నాను.