అవ్వ చెప్పిన చెంచాడు అవిసెలు

మొన్న మధ్యాహ్నం వంటింట్లోంచి అవిసెలు వేగే వాసన వచ్చింది. మూకుట్లో గింజలు చిటపటమంటున్నాయి. మా కోడలు రాధ, గుండెకు మంచిదని ఎక్కడో చదివి తెప్పించిందట. ఎనభైకి దగ్గరపడిన నేను ఆ వాసన తగిలీ తగలగానే ధర్మవరంలో, నరసమ్మవ్వ వాకిట్లో నిలబడ్డాను.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నేను హిందూపురం పక్క నుంచి ధర్మవరానికి కోడలిగా వచ్చాను. మా ఆయన పట్టుచీరలు నేసేవాడు. పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే అన్నానికి తప్ప లేచేవాడు కాదు. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగేవాడు కాదు. మా వీధిలో నేతగాళ్ళందరిదీ అదే తంతు. కడుపు కదలక అందరివీ చిరాకు మొహాలే, ఆ చిరాకంతా పెళ్ళాల మీదే.

పక్కింటి నరసమ్మవ్వది పెనుకొండ. భర్త పోయాక పట్టుదారం చుట్టి పొట్ట పోసుకునేది. వారానికోసారి అవిసెలు దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచి, అడిగినవాళ్ళకల్లా పెట్టేది. పాతబడితే చేదెక్కుతుందని ఎక్కువ దంచేది కాదు. నాకూ ఒక గిన్నెడు ఇచ్చింది.

“దినానికి ఒక చెంచాడమ్మా. పైన చెంబుడు నీళ్ళు తాగాల. లేకుంటే కడుపులో ముద్దయి కూర్చుంటాది.”

“అన్ని రోగాలూ పోతాయంట గదవ్వా?”

“ఎవురు చెప్పినారు? కడుపు సాఫీగా ఉంటాది. అదే పదివేలు.”

నాది పదిహేడేళ్ళ తొందర. చెంచాడు మంచిదైతే నాలుగు ఇంకా మంచివే కదా అనుకుని, రెండు పూటలా మా ఆయనకు ముద్దలో కలిపి పెట్టాను. నీళ్ళ చెంబు మగ్గం పక్కన ఉంచాను గానీ ఆయన ముట్టలేదు, నేనూ పట్టించుకోలేదు. నాలుగో రోజు కడుపు పట్టుకుని గుంతలోనే వాలిపోయాడు. పొట్ట రాయిలా బిగుసుకుపోయింది. జట్కాలో ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరు ఎనిమా ఇచ్చి, ఇంకొక రోజు ఆగి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదన్నాడు.

ఇంటికి రాగానే మా అత్త వీధిలోనే అవ్వను నిలదీసింది. “ఎంత పెట్టమని చెప్పినావు నరసత్తా నా కోడలికి?”

నేను తలుపు చాటున ఉన్నాను. అవ్వ నా వైపు ఒక్కసారి చూసింది. “కొలత నేనే సరిగా చెప్పలేదు సుబ్బమ్మా. తప్పు నాదే,” అంది.

ఆ తర్వాత ఆమె పొడి అడిగినవాళ్ళు లేరు. అత్త ఆమెతో మాటే మానేసింది. నేను నోరు విప్పలేదు. కాపురానికి వచ్చి ఆరు నెలలే, పుట్టింటికి తరిమేస్తారేమోనని భయం. ఆ భయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒక పొద్దున అవ్వ వాకిట్లో దారం చుడుతూ నన్ను పిలిచింది.

“మీ ఆయన నీళ్ళు తాగుతాండాడా?”

అదొక్కటే అడిగింది. ఆ సాయంత్రం రాగులు విసురుతూ అత్తకు అంతా చెప్పేశాను. అత్త తిరగలి ఆపేసింది. తెల్లారి తనే ఖాళీ గిన్నె పట్టుకుని అవ్వ ఇంటికి పోయింది.

రాధ పొడి చేసిన మూడో రోజు మా అబ్బాయి కడుపు పట్టేసిందని విసుక్కున్నాడు. చూస్తే, గరిటెలతో వడ్డించిందట. “ఇంతింత పెట్టమని ఎవరు చెప్పారు నీకు?” అని కోప్పడ్డాడు. రాధ మొహం చిన్నబోయింది. నేను లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి చేతికిచ్చాను.

“కొలత నేనే సరిగా చెప్పలేదు నాయనా,” అన్నాను.