గేటు దగ్గర దిగి నడవాలి

జగిత్యాల పక్కన నేను ఆరేళ్లు పాఠాలు చెప్పిన యూనివర్సిటీ కాలేజీకి గేటు రోడ్డు మీదే ఉంటుంది. తరగతి గదులు మాత్రం కిలోమీటరున్నర లోపల, గుట్ట కింద. మధ్యలో నీడ అన్నది లేదు. నేను పుట్టింది సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడులో. పెళ్లయి కోరుట్లకు వచ్చాను. రోజూ కోరుట్లలో బస్సెక్కి ఆ గేటు ముందు దిగేదాన్ని.

నేను కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరిన కొత్తలో కాలేజీకి రెండు బస్సులుండేవి. జగిత్యాల బస్టాండు నుంచి పిల్లల్ని ఎక్కించుకొని వచ్చేవి. గేటు దగ్గర ఆగి మమ్మల్నీ లోపలికి తీసుకుపోయేవి. మూడో ఏడు ఒకటి మూలపడింది. మరుసటి ఏడు రెండోదానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు అయిపోయిందని హాస్టల్ వెనక నిలబెట్టారు. టైర్లలో గాలి పోయి అది ఒక పక్కకు ఒరిగింది. పిల్లల దగ్గర రవాణా ఫీజు వసూలు చేయడం మాత్రం ఒక్క ఏడూ ఆపలేదు. హాస్టల్లో ఉండేవాళ్లు, ఏ బస్సూ ఎక్కనివాళ్లు కూడా కట్టాల్సిందే.

అలాంటప్పుడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, రవాణా, పార్కింగ్ కమిటీలో వేశామని చెప్పారు.

"మీరు బస్సుల వస్తరు గదా మేడం. పిల్లల కష్టం మీకే తెలుస్తది" అన్నారు.

నిజంగానే సంతోషపడ్డాను. రాత్రి కూర్చొని ఒక పేజీ రాసుకున్నాను: బస్సు బాగుచేయించడం, డ్రైవర్‌ను పెట్టడం, ఏ టైముకు ఎక్కడ ఆపాలన్నది. కమిటీలో మేం ఐదుగురం. మిగతా నలుగురూ కార్లలో వచ్చేవాళ్లే. నేను రాసింది చదువుతుంటే అందరూ తలలూపారు. చాయ్ వచ్చింది. మాటలు ఎటెటో పోయాయి. చివర్లో ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టి, "తీర్మానం తర్వాత టైపు చేపిస్తం, మీరు సంతకం పెట్టి పోండ్రి, మళ్ల మీ బస్సు పోతది" అన్నారు. గోడ మీది గడియారం చూశాను. నా బస్సుకు పది నిమిషాలే ఉంది. సంతకం పెట్టి పరుగెత్తాను.

రెండు నెలలకు ఆఫీసు వెనక ఇనుప స్తంభాలు దిగాయి. పిల్లల కోసం బస్‌షెల్టర్ కడుతున్నారనుకున్నాను. కార్ల షెడ్లవి. పైన నీలం రేకులు, కింద టైల్స్, ఒక్కో కారుకు ఒక్కో నంబరు. కమిటీలోని పెద్ద ప్రొఫెసర్‌ను అడిగితే, "రవాణా, పార్కింగ్ అంతా ఒక్కటే పద్దు మేడం. బస్సు సంగతి వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. నేను ఇంటికి పోయి మా ఆయన మీద అరిచాను. కాలేజీలో అరవలేదు. మా కాంట్రాక్టు ప్రతి జూన్‌లో రెన్యువల్ చేస్తారు. ఆ భయం నోట్లో గుడ్డ కుక్కినట్టు ఉంటుంది.

నా క్లాసులో రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె ఉండేది. గొల్లపల్లి దగ్గరి ఊరు. నాన్న కల్లు గీస్తాడు, అమ్మ బీడీలు చేస్తుంది. ముందు బెంచీలో కూర్చొని, అర్థం కాకపోతే పాఠం ఆపి మరీ అడిగే పిల్ల. చలికాలంలో ఒక పొద్దున కిక్కిరిసిన బస్సులోంచి కాలేజీ గేటు ముందు దిగుతుంటే, రెండో కాలు కింద పెట్టకముందే బస్సు కదిలింది. మోకాలి కింద ఎముక విరిగి లోపల రాడ్డు వేశారు. కాలేజీ బస్సు తిరుగుతుంటే ఆమె ఆ మెట్టు మీద వేలాడాల్సిన పనే లేదు. స్టాఫ్ రూమ్‌లో మాత్రం "ఈ పిల్లలకు తొందరెక్కువ" అనుకున్నారు.

సెమిస్టర్ పరీక్షలకు ఆమె చంకలో కర్ర పెట్టుకొని వచ్చింది. ఎండలు ముదిరిన రోజులు. పది గంటలకు పరీక్ష. నేను పదికి పావుగంట ముందు గేటు దగ్గర బస్సు దిగేసరికి, అడ్డకర్ర ముందు ఒక ఆటో ఆగి ఉంది. అందులో ఆ అమ్మాయి, పక్కన వాళ్లమ్మ.

"ఆటో లోపటికి పోదు మేడం. స్టిక్కర్ ఉన్న బండ్లకే పర్మిషన్" అన్నాడు వాచ్‌మన్.

"ఆమె కాలు చూసినవా?"

"చూసిన మేడం. నాకూ బిడ్డ ఉంది. మొన్న ఒక్క ఆటోను లోపటికి తోలినందుకు నా మూడు దినాల జీతం కోసిన్రు. నేనేం జెయ్యాలె?"

తన గదిలోకి పోయి గోడకున్న కాగితం ఊడదీసి తెచ్చాడు. అట్టకు అంటించి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగారు. స్టిక్కర్ లేని వాహనాలకు, ఆటోలకు ప్రవేశం లేదు, వచ్చినవారు గేటు దగ్గర దిగి నడవాలి అని ఉంది. కింద ఐదు సంతకాలు. ఐదోది నాది.

"ఏం రాసిన్రు బిడ్డా గా కాగితంల?" అని అడిగింది వాళ్లమ్మ. చదివి వినిపించాను. సంతకాల సంగతి చెప్పలేదు.

"గిట్ల రాసినోళ్లు ఎన్నడన్న నడిసిన్రా?" అందామె.

అప్పుడే వెనక హారన్ మోగింది. వాచ్‌మన్ అడ్డకర్ర ఎత్తి సెల్యూట్ కొట్టాడు. కారులో మా కమిటీ ప్రొఫెసర్. ఆపమని చెయ్యెత్తాను. నమస్కారం అనుకున్నారో, అలా అనుకోవడమే సుఖం అనుకున్నారో, అద్దం దించకుండానే చెయ్యి ఊపి వెళ్లిపోయారు.

"నేను చెప్తున్న, ఆటోను తోలు" అన్నాను వాచ్‌మన్‌తో.

"గదే ముచ్చట కాగితం మీద రాసియ్యుండ్రి మేడం. ఇప్పుడే తోల్త."

నా సంచీలో పెన్నుంది. కాగితాలూ ఉన్నాయి. జూన్ గుర్తొచ్చింది. నేను రాసివ్వలేదు. ఇది చెప్పకుండా మిగతావాళ్లను తిట్టే హక్కు నాకు లేదు కాబట్టి చెబుతున్నాను.

ముగ్గురం నడిచాం. వాళ్లమ్మ ఒక పక్క, నేను ఒక పక్క. దారి పొడవునా కంకర తేలి ఉంది. కర్ర పెట్టినచోటల్లా జారుతోంది. తోటి లెక్చరర్లకు బండి పంపమని ఫోన్ చేశాను. పరీక్ష డ్యూటీలో అందరి ఫోన్లూ ఆపేసి ఉన్నాయి. "మీరు పోండ్రి మేడం, మీకు లేటైతది" అంటుంది ఆ పిల్ల, పళ్లు బిగబట్టి. రెండుచోట్ల కూలబడింది. లేచింది. హాలు దగ్గరికి చేరేసరికి పదిన్నర దాటి ఎనిమిది నిమిషాలు. అరగంట దాటితే లోపలికి రానివ్వరు. రానివ్వలేదు. ఆమె ఏడవలేదు. అరచేతిలో కర్ర ఒరుసుకొని చర్మం లేచిపోయింది, దాన్నే చూసుకుంటూ నీళ్లు అడిగింది.

వాళ్లమ్మను వెంటబెట్టుకొని ప్రిన్సిపాల్ గదిలోకి పోయాను. ఆయన అంతా విన్నారు.

"సప్లిమెంటరీ రాసుకోవచ్చు గదమ్మా. దీనికి ఇంత లొల్లి ఎందుకు?"

"సారూ, ఫీజు కట్టేనాడు నీ బిడ్డ నడిసి అస్తదా, ఆటోల అస్తదా అని ఎవ్వలు అడగలే. బస్సు పైసలని తీసుకున్నరు. గా బస్సేది?" అందామె. కూర్చోమని ఎవరూ అనలేదు. నిలబడే అడిగింది.

"నేను ఒక్కణ్ణి చేసింది కాదమ్మా, కమిటీ తీర్మానం. ఈ మేడం గూడ మెంబరే. అడుగు."

ఆమె నా వైపు తిరిగింది. తప్పించుకోవడానికి చోటు లేదు.

"అవునమ్మా. సంతకం నాదే. ఉత్త కాగితం మీద పెట్టిన. తర్వాత గిట్ల రాసిన్రు" అన్నాను.

"సదువుకున్నదానివి, ఉత్త కాగితం మీద ఎట్ల పెట్టినవు బిడ్డా? నేను ఏలిముద్ర ఏసేదాన్ని. నేను గూడ ఏందని అడిగే ఏస్త."

ఆమె గొంతులో కోపం కూడా లేదు, ఆశ్చర్యం. ప్రిన్సిపాల్ బల్ల మీది కాగితమే లాక్కొని అక్కడే నిలబడి రాశాను: ఆ తీర్మానం మేం చేసింది కాదు, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను, పిల్లలు కట్టిన రవాణా ఫీజు దేనికి వాడారో వాళ్లకు చెప్పండి. "ఆలోచించుకోండ్రి మేడం" అన్నారాయన. ఆలోచించుకునే ఇన్నాళ్లు నోరు మూసుకున్నానని చెప్పాను. ఒక కాపీ తీసుకుపోయి నోటీసు బోర్డుకు అంటించాను.

సోమవారం పొద్దున నేను నడిచి లోపలికి పోయేసరికి కార్ల షెడ్ల కింద పిల్లలు. రోజూ ఊళ్ల నుంచి వచ్చిపోయేవాళ్లు, ఒక్కో నంబరు మీద ముగ్గురు నలుగురు, పుస్తకాలు ముందేసుకొని చదువుకుంటున్నారు. నినాదాల్లేవు. కార్లన్నీ ఎండలో నిలబడ్డాయి. ప్రిన్సిపాల్ వచ్చి "ఏందిది?" అని గద్దించారు.

"మా ఫీజుతోని కట్టిన్రట గదా సార్. నీడకు కూసున్నం" అంది ఒక అమ్మాయి, పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా.

పరీక్ష లేని పిల్లలు వంతులేసుకొని మూడు రోజులు కూర్చున్నారు. నాలుగో రోజు హాస్టల్ వెనకకు మెకానిక్ వచ్చాడు. రెండు వారాలకు బస్సు జగిత్యాల బస్టాండుకు పోయింది. నడవలేనివాళ్ల ఆటోలను ఆపొద్దని కొత్త కాగితం వచ్చింది. ఇంతకాలం కుదరదన్నదంతా పద్నాలుగు రోజుల్లో కుదిరింది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కుదరక కాదు, చేయాలనిపించక.

ఫీజు లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి ఆరు నెలల తర్వాత ఆ పేపరు రాసి పాసైంది. ఈలోగా ఒక కంపెనీ ఉద్యోగాలకు ఎంపిక చేయడానికి వస్తే, పేపరు మిగిలి ఉందని ఆమె పేరు పంపలేదు. జూన్‌లో నాకు పని లేదన్నారు. నా క్లాసులు ఇంకొకరికి ఇచ్చారు. ఇప్పుడు సిరిసిల్లలో పుట్టింట్లో ఉండి ఒక ప్రైవేటు కాలేజీలో చెబుతున్నాను.

పోయిన నెల ఆ అమ్మాయి ఫోన్ చేసింది. బస్సు పొద్దున మాత్రమే తిరుగుతోందట. సాయంత్రం అందరూ మళ్లీ గేటు దాకా నడకే.

"డీజిల్‌కు పైసల్లేవంటున్రు మేడం. పక్కన ఇంకో వరస షెడ్లు లేపుతున్రు."

"మరి మీరేం చేస్తున్నరు?"

"ఎల్లుండి అందరం కలిసి పోయి అడుగుతం. అమ్మ గూడ అస్త అంటున్నది."

నేను సెలవు చీటీ రాసిచ్చి, మూడోనాడు పొద్దున సిరిసిల్లలో జగిత్యాలకు పోయే మొదటి బస్సెక్కాను.