తాళ్ళతో లాగిన జీపు

1999 జూన్, కార్గిల్ యుద్ధం. ఉదయం ఆరు గంటలకి ద్రాస్‌లో ట్రక్కు దిగాం. ఎముకలు కొరికే చలి. నేను వజ్రపుకొత్తూరు తీరం వాణ్ణి. అంతకుముందు ఐసు చూసింది చేపల పెట్టెల్లోనే.

నా పని రేడియో. వీపున పదకొండు కిలోల సెట్టు, చేతిసంచీలో స్పేర్ బ్యాటరీ. మా కమాండర్ కర్నల్ సాబ్ ఎక్కడుంటే నేనక్కడ, మూడడుగుల దూరంలో. మా హవల్దార్‌ది మందస. పక్కపక్క ఊళ్ళవాళ్ళం కాబట్టి పరేడ్‌లో సార్, బ్యారక్‌లో బావ.

పదో రోజు ఉదయం ఐదుంబావుకి శిఖరం కింద ఆగాం. సెట్టు నీరసించింది. సంచీలో చెయ్యి పెడితే బ్యాటరీ లేదు. దమ్ము తీసుకోవడానికి ఆగిన బండ దగ్గరే మరిచిపోయాను. మా ఫిరంగుల్ని పిలవాలంటే సెట్టు పలకాలి. నేను లేవబోయాను. హవల్దార్ భుజం పట్టి కూర్చోబెట్టాడు.

“సెట్టు కాడ నువ్వుండాల. నాను తెత్తాను, కూకో.”

కర్నల్ సాబ్ తలూపారు. బావ బ్యాటరీ తెచ్చి నా పక్కన పెట్టాడు. పాక్కుంటూ తన చోటికి వెళ్తుండగా షెల్ పడి అక్కడికక్కడే పోయాడు. ఆ బ్యాటరీతోనే ఫిరంగుల్ని పిలిచాను. తొమ్మిదింటికి శిఖరం మాది. మేం గెలిచాం, ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

యుద్ధం ఆగాక నాకొక పని మిగిలింది. మందస వెళ్ళి అక్కకి, అంటే బావ భార్యకి, జరిగింది చెప్పాలి. ధైర్యం చాల్లేదు. సెలవు చీటీ రెండుసార్లు రాసి చింపేశాను.

అక్టోబరులో కర్నల్ సాబ్‌కి బదిలీ అయింది. వీడ్కోలు రోజు పది గంటలకి అందర్నీ వరసల్లో నిలబెట్టారు. ఆయన మాట్లాడింది ఐదు నిమిషాలే. వంటవాళ్ళకీ, కంచర గాడిదలు తోలినవాళ్ళకీ ముందు కృతజ్ఞతలు చెప్పారు. పోయినవాళ్ళ ఇళ్ళకి ఉత్తరాలు చాలవనీ, మనుషులు వెళ్ళాలనీ అన్నారు. నేను తలెత్తలేదు.

తర్వాత మా పల్టన్ ఆనవాయితీ. వెళ్ళే కమాండర్‌ని ఇంజను ఆపిన జీపులో నిలబెట్టి, తాళ్ళు కట్టి గేటు దాకా జవాన్లే లాగుతారు. అందరూ తాడు భుజాన వేసుకుని ముందుకు నడిచారు. బంపర్ పక్కనున్న నేను మాత్రం అలవాటు కొద్దీ జీపు వైపు తిరిగిపోయాను. మా తీరంలో వల లాగేవాళ్ళం సముద్రాన్ని చూస్తూ వెనక్కి నడుస్తాం. సుబేదార్ తిట్టాడు. అప్పటికే కర్నల్ సాబ్‌కి ఎదురుగా ఉన్నాను. ఎడం చేత్తో జీపు కమ్మీ పట్టుకుని, కుడి చేత్తో సెల్యూట్‌లో ఉన్నారాయన. నాకొక్కడికే వినబడేలా హిందీలో అన్నారు.

“ఆ రోజు తలూపింది నేను. అతను వెళ్ళింది నా ఆర్డర్ మీద. వాళ్ళింటికెళ్ళి అదే చెప్పు.”

ఆ సాయంత్రమే సెలవు చీటీ రాశాను. ఈసారి చింపలేదు. పలాసలో రైలు దిగి, మా ఊరి బస్సు వదిలేసి మందస బస్సెక్కాను. బ్యాటరీ మరిచింది నేనేనని అక్కకి ముందు చెప్పాను. కర్నల్ సాబ్ మాట తర్వాత చెప్పాను. ఆమె జీడిపిక్కలు ఒలవడం ఆపి నా వైపు చూసింది.

“ఆ మాటన్నపుడు ఆ బాబు మొకం ఎలాగున్నాది?”

“ఏడుత్తన్నారక్కా,” అన్నాను.

ఇన్నేళ్ళయినా ఆ ముఖం నన్ను వదల్లేదు. కన్నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. తుడుచుకోవాలంటే సెల్యూట్ దించాలి. గేటు దాటేదాకా ఆయన దించలేదు.