అరబ్బీ కాగితం చదివి వినిపించిన మనిషి

మా టాక్సు వకీలుగారు పోయారని మొన్న ఆయన ఆఫీసు అమ్మాయి ఫోనులో చెప్పింది. ఈ గల్ఫు దేశంలో, ముసఫ్ఫాలోని నా కూరల కొట్టులో పులుసు మరుగుతోంది. పొయ్యి ఆపేశాను. గుండె ఆగిందట. నాకంటే ఎంతో చిన్నవాడు. వరస తప్పిన ఈ తీర్పు మీద ఎక్కడ అప్పీలు చేయాలో ఆయన్నే అడగాలి.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

కొన్నేళ్ళ కిందట, అమ్మకాలు దాచావు, జరిమానా కట్టమని ఫెడరల్ పన్నుల ఆఫీసు నుంచి నాకు నోటీసు వచ్చింది. నేను దాచింది అమ్మకాలు కాదు. ఇళ్ళలో పనిచేసే మా గోదావరి ఆడవాళ్ళు ఆదివారం సెలవుకు నా కొట్టులో చేరి, జీతాలు నా చేతిలో పెట్టేవారు. వాటిని కొట్టు ఖాతాలో వేసి, అడిగినప్పుడు వాళ్ళ ఇళ్ళకు పంపేదాన్ని. పన్నులవాళ్ళ కంటికి అదంతా నా కూరల అమ్మకమే. ఆ జరిమానా కడితే కొట్టు మూతే.

సర్కారు అర్జీలు రాసిపెట్టే టైపింగ్ సెంటర్ వాడు "ఆ డబ్బు నీ తమ్ముడు పంపాడని రాసేద్దాం, ఖలాస్" అన్నాడు. ఆ మాటే పట్టుకుని ఈ హైదరాబాదీ వకీలుగారి దగ్గరకు వెళ్ళాను.

"అబద్ధం రాస్తే ఈ కేసు నాది కాదమ్మా," అన్నారు. "అబద్ధానికి ఇంకో కాగితం అడుగుతరు. నిజానికైతే మనుషులుంటరు. ఆళ్ళను పిలువుండ్రి."

"సర్కారు కాగితంలో పేరెక్కితే వీసా పోద్దని హడిలిపోతన్నారు బాబూ!"

"భయపెట్టి తేవొద్దు. సమజైనోళ్ళే రావాలె. ఇంకోటి, మంది సొమ్ము మీ ఖాతాల ఏసుడు కూడా తప్పే. గెలిచినా బంద్ చేయాలె."

"మరి దిండు కింద పెట్టుకోమంటారా?" అని లేచాను.

"కొట్టకుండ్రి, నేను మీ దిక్కే," అని నవ్వారు.

అరబ్బీ కాగితం ఏదైనా తెలుగులో చదివి వినిపించేవారు. విన్నది నేను తిరిగి చెప్పేదాకా వేలిముద్ర వేయనిచ్చేవారు కాదు. "తెల్వకుండ పెట్టిన వేలు మనది కాదమ్మా," అనేవారు. ఓసారి విసుగొచ్చి ఊరికే తలాడించాను. పసిగట్టి, మళ్ళీ మొదటి నుంచి చదివారు. బయట తమ వంతు కోసం కూర్చున్న షావుకార్లు వాచీలు చూసుకుంటున్నారు.

అప్పీలు గడువుకు ముందు మిగిలిన ఒకే ఆదివారం ఆయన సెలవు మానుకుని ఆఫీసు తెరిచారు. మధ్యాహ్నం దాటినా ఒక్కరూ రాలేదు. "ఆళ్ళను తప్పు పట్టకుండ్రి," అన్నారాయన. అప్పుడు లిఫ్టు దగ్గర తెలుగు గోల వినిపించింది. చర్చి నుంచి తిన్నగా వచ్చారు, తల మీది ముసుగులైనా తీయకుండా.

"పిన్నీ, నీ కొట్టు మూసేత్తే మాకు ఆదివారమే లేదు. రాయించు నా పేరు," అంది ముందున్న అమలాపురం పిల్ల.

"నాది సరిగ్గా రాయమనే! పాస్‌పోర్టులో ఇప్పటికే చంపేశారు," అంది వెనక నుంచి ఇంకొకతె.

వాళ్ళ మాటలే అరబ్బీలో, పన్నుల తగాదాలు తీర్చే కమిటీ ముందుకు వెళ్ళాయి. జరిమానా రద్దయింది. ఎవరి వీసాకూ ఏమీ కాలేదు. మంది డబ్బు ముట్టుకోవడం నేను మానేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన గదిలో కుర్చీలు చాలలేదు. మా వాళ్ళు తివాచీ మీద కూలబడ్డారు. వకీలుగారు బూట్లు విప్పేసి, కోటు మాత్రం విప్పకుండా, వాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. కాగితాలు ఒళ్ళో పెట్టుకుని, తీరా చెప్పబోయి తడబడుతున్న ఆ అమలాపురం పిల్ల వైపు తిరిగి, "చెప్పు బిడ్డా, నాకేం తొందర లేదు," అన్నారు.