టాంగోలో గమకం

నా చిన్నప్పుడు మేం జర్మనీలోని హానోవర్‌లో ఉండేవాళ్లం. ఇంట్లో అమ్మ నాకు మన పద్ధతిలో వయొలిన్ నేర్పేది. చాప మీద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ కొసను పాదానికి ఆనించి వాయించాలి. సంగీతం బళ్లో మాత్రం నిలబడి గడ్డం కింద నొక్కిపట్టాలి. నా ఎడమచేతికి ఈ తేడా తెలిస్తేగా! స్వరం కాస్త సాగిందంటే చాలు, ఊగిపోయేది.

ఆ ఏడు బడి వాద్యబృందంలో ఒక్క వయొలిన్‌కే చోటుంది. పరీక్షకి ఒక అర్జెంటీనా స్వరకర్త కూర్చిన టాంగో, అంటే అక్కడి నాట్య సంగీతం, వాయించమన్నారు. నేను గమకం వేసినప్పుడల్లా మాష్టారు “గెరాడె, బిట్టె” అనేవారు, తిన్నగా వాయించమని. నాకేమో ఆ చోటు కావాలి. బళ్లో నాతో మాట్లాడే ఇద్దరూ ఆ బృందంలోనే ఉన్నారు మరి. పరీక్షనాడు భయం తగ్గాకే వెళ్తానని మొండికేశాను. “అలలు తగ్గాక సముద్రస్నానం చేస్తానంటే ఎలాగే? పద” అని అమ్మ నన్ను పక్కింటి అక్కకి అప్పగించి పనికెళ్లిపోయింది.

అక్కది వరంగల్. యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, తీరికైతే టాంగో క్యాసెట్లు అరగదీసేది. బడి వరండాలో నా చేతులు పట్టుకుని ఆ స్వరకర్త సంగతి చెప్పింది. ఆయన చిన్నతనంలో న్యూయార్క్‌లో జాజ్ వింటూ పెరిగాడట. పెద్దయ్యాక శాస్త్రీయ సంగీతం కోసం పారిస్ వెళ్లి, తాను టాంగో వాయించేవాడినని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడట. అక్కడి గురువు, ఒకావిడ, పట్టుబట్టి వాయింపించుకుని, నీ అసలు సంగీతం ఇదే, వదలకు అందట. తర్వాత ఆయన మూడూ కలిపి టాంగో రూపమే మార్చేశాడు. ఇదసలు టాంగోనే కాదని సొంత దేశంవాళ్లే తిట్టిపోశారట.

“మరి నన్ను తీసుకోకపోతే?” అన్నాను ఏడుపు గొంతుతో.

“తీస్కోకపోవచ్చు చెల్లే. గా సంగతి నాకు తెల్వది. గనీ మీ అమ్మ నేర్పింది దాస్తే, తీస్కున్నా నిన్ను తీస్కున్నట్టా?”

తప్పకుండా నెగ్గుతావని చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. లోపలికెళ్లాను. నిలబడకుండా నేల మీదే చతికిలబడి, అలవాటుకొద్దీ వయొలిన్ పాదానికి ఆనించాను. మాష్టారు మొదలుపెట్టమని చెయ్యూపారు. సాగే స్వరం దగ్గర చెయ్యి ఊగింది. ఊగనిచ్చాను.

చోటు ఇంకో అమ్మాయికి దక్కింది. ట్రాములో ఇల్లు చేరేదాకా వెక్కివెక్కి ఏడ్చాను. అక్క ఓదార్చలేదు, తనూ నాతోపాటే ఏడ్చింది.

యాభై దాటాయి నాకు. వయొలిన్ పట్టుకుని స్టేజీ ఎక్కాలంటే ఇప్పటికీ గుండె దడే. పోనీలే అని దాన్నీ వెంటబెట్టుకునే ఎక్కుతాను. గెలుపు సంగతి దేవుడెరుగు, ఓడితే మాత్రం నేనే ఓడాలి, నా వేషం వేసుకున్న ఇంకెవరో కాదు.