భాగ్యమ్మ పెట్టని ముద్ద

నాగాయలంకలో భాగ్యమ్మ పెళ్లిళ్లకు వండే మనిషి. ఆమె భర్త సుందరరాజు ఆర్టీసీ కండక్టరు. రెండు వేల మూడులో ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, కాలీడుస్తూనైనా నడక దక్కింది, కుడిచెయ్యి మాత్రం పడిపోయింది. ఎడమచేత్తో తినమంటే చచ్చినా తిననన్నాడు. దాంతో భాగ్యమ్మే మూడు పూటలా అన్నం కలిపి నోట్లో పెట్టేది. చంటిపిల్లాడికి పెట్టినంత ముచ్చటగా పెట్టేది. పొరపాటంతా అక్కడే ఉందని బందరులో ఫిజియోథెరపీ చేసే దీవెన చెప్పేదాకా ఆమెకు తెలియదు.

"మెదడులో కొంత దెబ్బతింది ఆంటీ. ఆ పక్కనున్న నరాల కణాలు ఇప్పుడు దాని పని నేర్చుకోవాలి. ఒక కణం ఇంకోదానికి కబురు పంపుతుంది. పదేపదే పంపితే అక్కడ గ్రోత్ ఫ్యాక్టర్ అని ఒక పదార్థం ఊరుతుంది. దానివల్ల పంపే కణం గట్టిగా పంపుతుంది, అందుకునేది బాగా అందుకుంటుంది. ఎలుకల్లో చూశారు, మనుషుల్లోనూ ఇంతేనంటున్నారు."

"ఆ మందేదో రాసివ్వమ్మా, బెజవాడ నుంచైనా తెప్పిస్తాను."

"కొట్లో దొరకదండీ. చెయ్యి వాడితే అంకుల్ తలలోనే ఊరుతుంది. మీరు ముద్దలు పెడుతున్నన్నాళ్లూ ఆ చేతికి పనేముంది?"

భాగ్యమ్మకు ఒళ్లు మండింది. ఇన్నాళ్ల సేవే అడ్డమైందంటే ఎవరికి మండదు? కానీ తిరుగు బస్సులో భర్త ఒళ్లో ఎవరిదో అన్నట్టు పడి ఉన్న ఆ చేతిని చూస్తే భయమేసింది. ఇక ఎప్పటికీ ఇంతేనా? మర్నాడు కంచం ఆయన ముందు పెట్టి పక్కకు తప్పుకుంది.

"నన్ను పస్తుపెట్టి చంపుతావా?" అని సుందరరాజు కంచం తోసేశాడు. భాగ్యమ్మ లొంగలేదు. వింతేమిటంటే, మెతుకు ముట్టని మనిషి వారమైనా చిక్కలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె వంట పని ముగించుకుని పెందలాడే ఇంటికొచ్చింది. పక్కింటి సువార్తమ్మ ఆయనకు ముద్దలు పెడుతోంది. చర్చిలో ఆడవాళ్లంతా వంతులు వేసుకున్నారట.

"ప్రార్థన చేసి నాలుగు ముద్దలు పెడుతున్నాం వదినా, తప్పా? రోగిని చూసుకోవడం సంఘం పని కాదా?"

భాగ్యమ్మ అరవలేదు. గడపలోనే కూలబడింది. "నాకు పెట్టాలని లేదనుకున్నారా? పూటపూటా నా చెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుంటున్నాను. మీరిలా పెడుతుంటే ఆయన చెయ్యి ఇక లేవదు వదినా." దీవెన చెప్పినదంతా తనకొచ్చిన మాటల్లో చెప్పింది. సువార్తమ్మ లేచి చెయ్యి కడుక్కుంది.

ఆ తర్వాత కూడా ఆడవాళ్లు వచ్చారు. ప్రార్థన చేసి, ఎదురుగా కూర్చుని, "ఎత్తండి అన్నయ్యగారూ" అని ఆయన ప్రాణం తోడేశారు. ఎడమచేత్తో గ్లాసెత్తి జావ తాగి ప్రాణం నిలుపుకున్నాడు గానీ, నెలల తరబడి అన్నం చొక్కా మీదే పడింది. కాకులు మాత్రం బాగుపడ్డాయి.

ఎండాకాలంలో ఒక రోజు, ఆయన కుడిచేత్తో ఎత్తిన చేపల పులుసన్నం ముద్ద మీసానికి కాస్త అంటుకుని, మిగిలింది నోట్లోకి వెళ్లింది. సుందరరాజు నమిలాడు.

"పులుసులో ఉప్పెక్కువైంది," అన్నాడు.

ఇన్నాళ్లకు ముద్ద ఎత్తి అనే మాట ఇదా అని సువార్తమ్మకు కోపమొచ్చింది. భాగ్యమ్మకు మాత్రం అప్పుడు తెలిసింది. తను పెట్టగా తిన్నన్నాళ్లూ ఆయన ఏ కూరకూ వంక పెట్టలేదు. పెట్టే చెయ్యి ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో అన్నీ మింగేశాడు.

"ఎక్కువైతే మానెయ్యండి," అంది ఏడుస్తూ.

సుందరరాజు మానలేదు. రెండో ముద్ద కలుపుకున్నాడు.